ఇంట్లో సీసం బుల్లెట్లు పోయడం: దిమ్మ నుంచి రివాల్వర్ దాకా

ఒక పౌనుకి 7,000 గ్రెయిన్లు. .38 స్పెషల్ రివాల్వర్లలో ఎక్కువమంది వాడే సీసం బుల్లెట్ బరువు 158 గ్రెయిన్లు. అంటే పౌను సీసానికి 44 బుల్లెట్లు వస్తాయి. టెక్సస్‌లో మా షూటింగ్ క్లబ్బులో ఒక పెద్దాయన ఈ లెక్క కాగితం మీద వేసి చూపించి, మర్నాడు తన షెడ్డుకి తీసుకెళ్లి కుండ ముందు కూర్చోబెట్టాడు. అప్పటినుంచి నేను కాల్చే ప్రతి బుల్లెట్టూ నేను పోసుకున్నదే. ఈ పని ఎలా చేయాలో తెలుగులో వివరంగా చెప్పినవాళ్లు నాకు కనబడలేదు. అందుకే నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

ముందు ఒక మాట తేల్చుకుందాం. తూటా వేరు, బుల్లెట్ వేరు. తూటాలో ఇత్తడి గొట్టం, దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే ప్రైమర్, పేలే మందు, కొసన బుల్లెట్ ఉంటాయి. ఈ వ్యాసం ఆ కొసన ఉండే లోహపు ముక్క గురించి మాత్రమే. మందు కొలతలు ఇందులో లేవు. అవి సీసం బుల్లెట్ల కోసమని ముద్రించిన పుస్తకాల్లోంచే తీసుకోవాలి. రాగి తొడుగున్న బుల్లెట్లకి ఇచ్చిన కొలతలు వీటికి వాడకూడదు.

చట్టం సంగతి

అమెరికాలో సొంత వాడకానికి బుల్లెట్లు పోసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. పక్కింటాయనకి డబ్బు తీసుకుని అమ్మడం మొదలుపెడితే మాత్రం తయారీదారు లైసెన్సు కావాలి. మనవాళ్లు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. హెచ్1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకులు గానీ అమ్యూనిషన్ గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. ఆ చట్టంలో అమ్యూనిషన్ అంటే పూర్తి తూటా ఒక్కటే కాదు, విడి బుల్లెట్ కూడా అందులోకే వస్తుంది. కాబట్టి వీసా మీద ఉన్నవాళ్లు అచ్చు కొనకముందే వకీలుతో మాట్లాడండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ నిషేధం వర్తించదు. ఇవి కాక రాష్ట్రాల చట్టాలు వేరే ఉంటాయి. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి సీసం తూటాలతో వేట పూర్తిగా నిషిద్ధం. చచ్చిన జంతువుల్లో మిగిలిపోయిన సీసం తిని అక్కడి కాండార్ రాబందులు చచ్చిపోవడం దానికి ఒక పెద్ద కారణం.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉండి చదువుతున్నవాళ్లకి: 1959 ఆయుధాల చట్టం తూటా భాగాలనీ, వాటిని తయారుచేసే సామగ్రినీ కూడా మందుగుండు కిందే లెక్కగడుతుంది. లైసెన్సు లేకుండా తయారుచేస్తే జైలు. అక్కడ ఇది చదివి తెలుసుకోవడం వరకే.

సీసం మనిషికి ఎలా ఎక్కుతుంది

ఇది అర్థం కాకుండా పొయ్యి వెలిగించకూడదు. అందరూ ఆవిరికి భయపడతారు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, 1,749 దగ్గర మరుగుతుంది. మనం పోసేది 370 ప్రాంతంలో. ఆ వేడి దగ్గర లేచే సీసపు ఆవిరి నామమాత్రం. అసలు ప్రమాదం కరిగిన లోహం మీద బూడిదలా తేలే తెట్టులో ఉంది. తెట్టు అంటే ఎక్కువభాగం సీసపు ఆక్సైడ్ పొడి. దాన్ని గరిటతో తీసి డబ్బాలో విసురుగా వేస్తే గాల్లోకి లేస్తుంది, బట్టల మీద పడుతుంది, చెప్పుల అడుగున ఇంట్లోకి వస్తుంది. ఆ చేత్తో మిర్చిబజ్జీ తింటే కడుపులోకి పోతుంది.

పిల్లలున్న ఇంట్లో దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. వాళ్ల ఒంటికి సీసం పెద్దవాళ్లకంటే చాలా ఎక్కువగా పడుతుంది, మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021లో పిల్లల రక్తంలో సీసానికి సూచిక స్థాయిని డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములకి తగ్గించింది. ఇంతవరకు ఫరవాలేదు అని చెప్పదగ్గ స్థాయి ఏదీ లేదన్నది వైద్యుల మాట. టెక్సస్‌లో మన తెలుగువాళ్లు వేలల్లో ఉంటున్న ఫ్రిస్కో ఊరినే తీసుకోండి. అక్కడ పాత బ్యాటరీల నుంచి సీసం తీసే కర్మాగారం దశాబ్దాలపాటు నడిచి 2012లో మూతపడింది. ఆ నేలను శుభ్రం చేసే పని ఏళ్ల తరబడి సాగింది. ఒకసారి మట్టిలో పడ్డ సీసం దానంతటదే పోదు.

నా నియమాలు ఇవి, వీటికి మినహాయింపు లేదు. వంటింట్లో కరిగించను. తలుపు మూసిన గ్యారేజీలోనూ కరిగించను. పైకప్పు ఉండి మూడు పక్కలా గాలి ఆడే వెనక వరండాలో, గాలి నా వీపు వైపు నుంచి వచ్చేలా కూర్చుంటాను. పని జరిగేటప్పుడు పిల్లలు, గర్భిణులు, పెంపుడు జంతువులు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. కాఫీ కప్పు, మంచినీళ్ల సీసా కూడా అక్కడ పెట్టను. తెట్టు తీసేటప్పుడు పీ100 వడపోత ఉన్న మాస్కు పెట్టుకుంటాను. పోతకని విడిగా ఒక జత బట్టలు, ఒక జత బూట్లు ఉంచుకున్నాను. ఆ బూట్లు గడప దాటవు, ఆ బట్టలు ఇంట్లోవాళ్ల బట్టలతో కలవవు. చేతులకి ముందు చల్లటి నీళ్లు, సబ్బు. సీసం పోవడానికని ప్రత్యేకంగా చేసే డీ-లెడ్ సబ్బు దొరుకుతుంది, అదే వాడతాను. ఏడాదికోసారి మామూలు రక్తపరీక్షలతోపాటు సీసం పరీక్ష కూడా రాయమని డాక్టరుని అడుగుతాను. ఆ అంకె పెరిగిందంటే తప్పు ఎక్కడో వెతకాలి. కొన్నిసార్లు దోషం కుండది కాదు, నాలుగు గోడల మధ్య ఉండే ఇండోర్ షూటింగ్ రేంజ్‌ది. మామూలు ప్రైమర్లలో లెడ్ స్టిఫ్‌నేట్ అనే సీసపు పేలుడు పదార్థం ఉంటుంది. గాలి సరిగా ఆడని రేంజ్‌లో ఒక గంట గడిపితే పోత కన్నా ఎక్కువ సీసం ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

నీళ్ల చుక్క

రెండో ప్రమాదం నీళ్లు. కరిగిన సీసం మీద పడ్డ చెమట చుక్క చిటపటలాడి ఆగిపోతుంది. లోహం అడుక్కి పోయిన చుక్క అలా ఆగదు. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు వ్యాపిస్తుంది. కుండలో ఉన్నదంతా ఒక్కసారిగా పైకి చిమ్ముతుంది. మా క్లబ్బులో ఒకాయన వానలో తడిసిన దిమ్మని తుడిచి, ఆరిపోయిందనుకుని వేడి కుండలో వేశాడు. దిమ్మ పగులులో ఇంకిన నీళ్లు కంటికి కనబడలేదు. ముఖానికి కవచం ఉండబట్టి కళ్లు దక్కాయి, మెడ మీద మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి.

అందుకే తుక్కు సీసం ఏదైనా చల్లటి కుండలో వేసి, అప్పుడే మంట పెట్టాలి. నీళ్లు వేడితోపాటు మెల్లగా ఆవిరైపోతాయి. వేడి కుండలోకి కొత్త దిమ్మ వేయాలంటే ముందు కుండ అంచు మీద పదినిమిషాలు పెట్టి కాగనివ్వాలి. పొడుగు చేతుల నూలు చొక్కా, నూలు ప్యాంటు, తోలు బూట్లు, వెల్డింగు గ్లవ్స్, కళ్లద్దాల మీద మళ్లీ ముఖ కవచం. పాలిస్టర్ బట్టలు వేడి సీసం పడితే కరిగి ఒంటికి అతుక్కుంటాయి. ప్యాంటు అంచు బూట్ల మీదికి రావాలి, లోపలికి దోపకూడదు.

సీసం ఎక్కడ దొరుకుతుంది

చక్రం తూకం సరిచేయడానికి రిమ్ముకి పెట్టే ముక్కల్ని వీల్ వెయిట్లు అంటారు. ఒకప్పుడు టైర్ల దుకాణాల్లో వాటిని బకెట్ల కొద్దీ ఇచ్చేసేవాళ్లు. ఇప్పుడు ఆ బకెట్లో సగానికి పైగా జింకు, ఇనుము. కొన్ని రాష్ట్రాలు సీసం వెయిట్లని నిషేధించాయి. అయినా అడగడంలో తప్పులేదు. తెచ్చాక ఏరుకోవడానికి ఒక సాయంత్రం పడుతుంది. క్లిప్పుతో రిమ్ముకి తగిలించేవి గట్టివి, సీసాన్ని గట్టిపరిచే ఆంటిమొనీ కలిసినవి. జిగురుతో అతికించేవి దాదాపు స్వచ్ఛమైన సీసం. ఇనపవాటి మీద ఎఫ్ఈ అనీ, జింకువాటి మీద జడ్‌ఎన్ అనీ అక్షరాలు ఉంటాయి. అక్షరాలు లేకపోతే కటింగ్ ప్లయర్‌తో నొక్కి చూడండి. సీసం వెన్నలా కోసుకుపోతుంది, జింకు మీద గాటు కూడా సరిగా పడదు.

జింకు ఎందుకంత పాపమంటే, అది కలిసిన లోహం ఓట్స్ జావలా చిక్కబడి అచ్చు మూలలకి పారదు. జింకు 419 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. తుక్కు కరిగించేటప్పుడు వేడి 350 దాటకుండా చూసుకుంటే, ఏరడంలో తప్పిపోయిన జింకు ముక్కలు కరక్కుండా పైకి తేలతాయి, గరిటతో తీసేయొచ్చు. థర్మామీటరు లేకుండా వీల్ వెయిట్లు కరిగించొద్దు.

ఇవి కాక రేంజ్‌వాళ్ల అనుమతితో మట్టిదిబ్బ నుంచి ఏరిన పాత బుల్లెట్లు, పాత ఇళ్ల కప్పుల మీది సీసం రేకులు, ఎక్స్‌రే గదుల గోడల్లోంచి తీసిన పలకలు దొరుకుతాయి. రోటోమెటల్స్ లాంటి దుకాణాలు కచ్చితమైన మిశ్రమాన్ని దిమ్మలుగా అమ్ముతాయి. ఖర్చు ఎక్కువే, కానీ మొదటిసారి చేసేవాళ్లకి నా సలహా అదే. పనే కొత్తగా ఉన్నప్పుడు లోహం మీద కూడా అనుమానం ఉంటే, తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తేలదు. కారు బ్యాటరీల సీసం మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా ముట్టుకోకండి. అందులోని ఆమ్లం, కాల్షియం, ఆర్సెనిక్ కలిస్తే పుట్టే వాయువులు ప్రాణాంతకం.

ప్రెస్సుల నుంచి లినోటైప్ లోహం ఇప్పటికీ అప్పుడప్పుడు దొరుకుతుంది. 1886లో న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రిక మొదట వాడిన లినోటైప్ యంత్రం కోసం వాడుకలోకి వచ్చిన మిశ్రమం అది: సీసం 84, ఆంటిమొనీ 12, తగరం 4 పాళ్లు. మన ఊళ్ల ప్రెస్సుల్లో కంపోజిటర్లు ఒక్కొక్కటే ఏరి పేర్చిన తెలుగు అచ్చు అక్షరాలు కూడా ఈ కుటుంబపు లోహమే. అక్షరం అంచు ఎందుకంత పదునుగా వచ్చేదో, బుల్లెట్ అంచూ అందుకే పదునుగా వస్తుంది.

ఏ పాళ్లలో కలపాలి

కొత్తవాళ్లు ఎక్కువ వాదించుకునేది ఇక్కడే. నిజానికి రివాల్వర్ వేగాలకి ఇది పెద్ద విషయం కాదు. గట్టిదనాన్ని బ్రినెల్ అంకెలో చెబుతారు. స్వచ్ఛమైన సీసం 5, క్లిప్పు వెయిట్లు రమారమి 10 నుంచి 12, సీసం 90, తగరం 5, ఆంటిమొనీ 5 పాళ్ల లైమన్ నంబర్ 2 మిశ్రమం 15, లినోటైప్ 22. సెకనుకి 800 అడుగుల వేగంతో పోయే .38 స్పెషల్‌కి 10 చుట్టుపక్కల చాలు. ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదనుకోవడం పొరపాటు. మరీ గట్టి బుల్లెట్ తుపాకీ గొట్టాన్ని సరిగా మూయలేదు. వేడి వాయువు పక్కల నుంచి దూసుకుపోయి సీసాన్ని గొట్టం గోడలకి పూస్తుంది.

నేను వాడేది పది పౌన్ల క్లిప్పు వెయిట్లకి మూడు ఔన్సుల తగరం. అంటే రెండు శాతానికి కొంచెం తక్కువ. తగరం ఎందుకో మనవాళ్లకి సులువుగా తెలుస్తుంది. ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాడు వీధిలోకి వచ్చినప్పుడు చూసే ఉంటారు. వేడి గిన్నెలో నవసాగరం చల్లి తగరం ముక్క రాసి దూదితో ఒక్క తుడుపు తుడిస్తే లోపలంతా అద్దంలా పరుచుకుపోయేది. తగరానికి పరుచుకునే గుణం ఉంది. సీసంలో కాస్త కలిపితే అది ముద్దకట్టకుండా అచ్చులోని సన్నని గాళ్లలోకి కూడా పారుతుంది. అంతకు మించి కలపడం దండగ, తగరం ఖరీదైన లోహం. సీసం లేని ప్లంబింగ్ సోల్డర్ చుట్టల్లో 95 శాతం తగరం, 5 శాతం ఆంటిమొనీ ఉన్న రకం దొరుకుతుంది. నేను అదే తుంచి వేస్తాను.

తుక్కుని దిమ్మలు చేయడం

మురికి తుక్కుని పోత కుండలో ఎప్పుడూ వేయకండి. ఆ పనికి విడిగా ఒక ఇనప కుండ, ప్రొపేన్ బర్నరు ఉండాలి. అల్యూమినియం గిన్నె పనికిరాదు. ఆ వేడికి మెత్తబడి, ఎత్తగానే అడుగు ఊడిపోతుంది. చల్లటి కుండలో తుక్కు నింపి, మంట పెట్టి, కరిగాక పైకి తేలిన క్లిప్పులు, రబ్బరు, రాళ్లు చిల్లుల గరిటతో తీసేయండి. అప్పుడు గుప్పెడు పొడి రంపపు పొట్టు వేసి, నల్లగా మాడేదాకా ఆగి, గరిటతో అడుగు, పక్కలు గోకుతూ కలపండి. పొట్టులోని కార్బన్ ఆక్సైడ్‌గా మారిన తగరాన్ని మళ్లీ లోహంగా మారుస్తుంది, మట్టిని పైకి లాగుతుంది. బఠాణీ గింజంత కొవ్వొత్తి మైనం కూడా పని చేస్తుంది. పొగ లేస్తే దానికి అగ్గిపుల్ల అంటించండి, పొగ తగ్గుతుంది. తెట్టు మెల్లగా తీసి మూత ఉన్న డబ్బాలో జారవిడవండి.

దిమ్మలకి లీ, లైమన్ కంపెనీల మూసలు ఉన్నాయి. మఫిన్ ట్రే కూడా సరిపోతుంది గానీ, తగరపు పూత ఉన్న ట్రే అయితే సీసం దానికి టంకం వేసినట్టు అతుక్కుంటుంది. దాన్ని ముందు ఆరుబయట పెట్టి తుప్పు పట్టనివ్వండి. ఆ ట్రే మళ్లీ వంటింటికి పోకూడదు. చల్లారాక ప్రతి దిమ్మ మీదా మార్కరుతో రకం, తేదీ రాయండి. ఆర్నెల్ల తర్వాత చూస్తే దిమ్మలన్నీ ఒకేలా కనబడతాయి.

నాకు ఇష్టమైన పనిముట్లు

కుండ: లీ ప్రో 4-20. దాదాపు 20 పౌన్లు పడుతుంది, కరెంటు మీద నడుస్తుంది, మీట ఎత్తితే అడుగు నుంచి ధార వస్తుంది. అడుగు నుంచి పోసే కుండలన్నిటికీ చుక్కలు కారే జబ్బు కొంత ఉంటుంది. మీట పుల్లని స్క్రూడ్రైవరుతో కుడికీ ఎడమకీ తిప్పితే అడుగున ఇరుక్కున్న మురికి వదిలి ధార ఆగుతుంది. కుండలో శుభ్రమైన దిమ్మలు మాత్రమే వేసేవాళ్లకి ఈ బాధ తక్కువ.

థర్మామీటరు: కుండ మీదుండే అంకెల చక్రాన్ని నమ్మొద్దు. లోహం మట్టం తగ్గేకొద్దీ అదే అంకె దగ్గర వేడి మారుతుంది. పొడుగు కాడ ఉన్న పోత థర్మామీటరు తప్పనిసరి. తర్వాత మనసైతే పీఐడీ కంట్రోలర్ పెట్టుకోవచ్చు. వేడిని ఐదారు డిగ్రీల తేడాలో పట్టి ఉంచుతుంది. నా పోతల్లో అన్నిటికంటే ఎక్కువ మార్పు తెచ్చింది అదే.

అచ్చు: మొదటి అచ్చుగా లీ కంపెనీ రెండు గాళ్ల, అంటే ఒకేసారి రెండు బుల్లెట్లు వచ్చే, అల్యూమినియం అచ్చు కొనండి. చవక, తేలిక, త్వరగా వేడెక్కుతుంది, పిడులు దాంతోనే వస్తాయి. చెయ్యి కుదిరాక ఆరు గాళ్లది. ఇనప అచ్చులు తరాలపాటు ఉంటాయి గానీ, నూనె రాసి దాచకపోతే తుప్పు పడతాయి, బరువుకి మణికట్టు లాగుతుంది. ఇత్తడి అచ్చులు వేడిని బాగా నిలుపుకుంటాయి. వాటి ధర చూసి మొదట వెనక్కి తగ్గాను, ఒకసారి వాడాక ఆ డబ్బు ఎందుకో అర్థమైంది.

వీటికి తోడు అచ్చు కాచుకోవడానికి ఒక చిన్న హాట్‌ప్లేట్, అచ్చు పైన ఉండి మిగులు సీసాన్ని కోసే స్ప్రూ పలక మీట తట్టడానికి కర్ర సుత్తి, బుల్లెట్లు పడటానికి నాలుగు మడతల పాత నూలు తువ్వాలు. తువ్వాలు పొడిగా ఉండాలి. బకెట్లో నీళ్లు పెట్టి బుల్లెట్లని అందులో వేస్తే గట్టిపడతాయని కొందరు చేస్తారు. .38కి ఆ గట్టిదనం అక్కర్లేదు, కుండ పక్కన నీళ్ల బకెట్ అంతకన్నా అక్కర్లేదు.

గొట్టం కొలత

అచ్చు కొనేముందు తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, మెత్తటి సీసపు గుండుని నూనె రాసిన గొట్టంలోంచి కర్రతో మెల్లగా తోయండి. బయటికొచ్చిన గుండు మీద గొట్టం లోపలి మెలి గాడుల అడుగు వ్యాసం అచ్చుపడి ఉంటుంది. మైక్రోమీటరుతో కొలవండి. బుల్లెట్ దానికంటే అంగుళంలో వెయ్యో వంతు నుంచి రెండు వంతులు లావుండాలి. .38లో గొట్టం సాధారణంగా 0.357, బుల్లెట్ 0.358. రివాల్వర్ సిలిండర్ రంధ్రాల కొస కూడా కొలవండి. అది బుల్లెట్ కంటే ఇరుకుగా ఉంటే, బుల్లెట్ గొట్టం చేరకముందే నలిగి సన్నబడుతుంది. ఆ తర్వాత ఏ మిశ్రమం వాడినా లాభం లేదు.

పోత

కొత్త అచ్చులో ఫ్యాక్టరీ నూనె ఉంటుంది. గిన్నెలు తోమే సబ్బు, పాత టూత్‌బ్రష్, వేడినీళ్లతో రెండుసార్లు కడిగి పూర్తిగా ఆరబెట్టండి. కీలు దగ్గర, స్ప్రూ పలక కింద సింథటిక్ ఇంజను నూనె అగ్గిపుల్ల కొసతో అంటీ అంటనట్టు రాయండి. గాడిలోకి పోతే ఆ పూటంతా ముడతల బుల్లెట్లే.

కుండని 700 డిగ్రీల ఫారన్‌హీట్‌కి, అంటే 370 సెల్సియస్‌కి తెచ్చి, ఒకసారి రంపపు పొట్టుతో శుభ్రం చేసి, అచ్చుని హాట్‌ప్లేట్ మీద పావుగంట కాచండి. హాట్‌ప్లేట్ లేకపోతే అల్యూమినియం అచ్చు మూలని కరిగిన సీసంలో ముంచి పట్టుకోండి. మూలకి సీసం అంటుకోకుండా జారిపోతే అచ్చు సిద్ధం.

అచ్చు మూసి, మీట ఎత్తి, ధార సూటిగా రంధ్రంలో పడేలా పోయండి. రంధ్రం నిండాక ఆపకుండా పలక మీద రేగిపండంత ముద్ద నిలిచేలా ఇంకొంచెం పోయాలి. బుల్లెట్ గట్టిపడుతూ కుంచించుకుపోయేటప్పుడు ఆ ముద్దే పైనుంచి లోహం అందిస్తుంది. ముద్దలో పిసినారితనం చేస్తే బుల్లెట్ అడుగు గుండ్రంగా, బోలుగా వస్తుంది. ఇప్పుడు ఆ ముద్ద మీదే కన్నుంచండి. అద్దంలా మెరుస్తున్నది ఒక్కసారిగా మసకబారుతుంది. అక్కడినుంచి మూడు, నాలుగు లెక్కపెట్టి పలక మీట తట్టండి. అచ్చు తెరవండి, తువ్వాలు మీదికి వదలండి. బుల్లెట్ రాకపోతే పిడి కీలుని కర్రతో తట్టండి, అచ్చుని ఎప్పుడూ కొట్టకండి. మూయండి, మళ్లీ పోయండి.

మొదటి పది పదిహేను పోతలు మళ్లీ కుండకే. వాటిని చూసి బాధపడొద్దు, అవి అచ్చుని కాచడానికే. ఆ తర్వాత పని అంతా లయలో ఉంది. నిమిషానికి మూడు పోతలనుకుంటే గంటసేపూ మూడే ఉండాలి. మధ్యలో ఆగి ఒక బుల్లెట్‌ని మురిసిపోతూ చూస్తే అచ్చు చల్లారుతుంది, తర్వాతి నాలుగు చెడతాయి. చూడటం, ఏరడం అంతా అయ్యాకే. మిశ్రమం గురించి రాత్రంతా చదివేవాళ్లు అచ్చు వేడి గురించి పది నిమిషాలు ఆలోచిస్తే సగం కష్టాలు తీరిపోతాయి. బుల్లెట్ ముఖం చూస్తే అచ్చు ఏ స్థితిలో ఉందో తెలుస్తుంది.

ముడతలుంటే అచ్చు చల్లగా ఉంది, లేదా నూనె మిగిలింది. పోసే వేగం పెంచండి. ముడతలు పోకపోతే చల్లార్చి మళ్లీ కడగండి. ఒంటి మీద మంచు పట్టినట్టు తెల్లగా ఉంటే అచ్చు వేడెక్కింది. పల్చటి మంచుతో నష్టం లేదు, నాకు అదే ఇష్టం, అంచులు పదునుగా వస్తాయి. దట్టంగా పట్టి బుల్లెట్ సన్నబడుతుంటే మటుకు అచ్చుని తడి లేని అల్యూమినియం పలక మీద కాసేపు పెట్టండి. అడుగు చిరిగినట్టుంటే తొందరపడి తట్టారు. నడుము చుట్టూ రెక్కలా లోహం పొడుచుకొస్తే అచ్చు సగాల మధ్య సీసపు తునక ఇరుక్కుంది. వేడిగా ఉన్నప్పుడే కర్రపుల్లతో తీయండి, ఇనుముతో గోకకండి. అడుగు అంచు వాడిగా, పూర్తి వలయంగా ఉండటం ముక్కు అందం కన్నా వందరెట్లు ముఖ్యం. గొట్టం వదిలే క్షణంలో వాయువు తోసేది అడుగునే. అక్కడ ఒక పక్క లోపముంటే బుల్లెట్ ఆ పక్కకే పోతుంది.

కుండలో మూడో వంతు మిగిలేసరికి ఆపేయండి. కొంచెం లోహం కుండలోనే గడ్డకట్టనివ్వాలి, మరుసటిసారి త్వరగా కరుగుతుంది, అడుగు మీటకి తుప్పు పట్టదు.

సైజు, పూత

ఆంటిమొనీ ఉన్న మిశ్రమం పోసిన తర్వాత కొన్ని రోజులపాటు మెల్లగా గట్టిపడుతుంది. కాబట్టి బుల్లెట్‌ని కచ్చితమైన వ్యాసానికి తెచ్చే సైజు డైలోంచి తోయడం తొలి రోజుల్లోనే సులువు. పూత లేని సీసం కాల్చకూడదు. తేలికైన దారి లీ లిక్విడ్ ఆలాక్స్ అనే ద్రవపు పూత. పెట్టెలో బుల్లెట్లు వేసి, కొద్ది చుక్కలు పిండి, దొర్లించి, కాగితం మీద రాత్రంతా ఆరనివ్వాలి. బంగారు రంగు ఛాయ కనబడితే చాలు, జిడ్డుగా ఉంటే ఎక్కువైంది.

నేను ఇప్పుడు పౌడర్ కోటింగ్‌కి మారాను. అడుగున 5 అంకె ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో బుల్లెట్లు, నల్లటి ఎయిర్‌సాఫ్ట్ (ఆట తుపాకుల) ప్లాస్టిక్ గుళ్లు, చెంచా పాలిస్టర్ పౌడర్ వేసి గుండ్రంగా ఊపితే, స్థిర విద్యుత్తు పుట్టి పొడి అంటుకుంటుంది. చిమటాతో ఒక్కొక్కటీ ట్రేలో నిలబెట్టి 400 ఫారన్‌హీట్ దగ్గర 20 నిమిషాలు కాల్చాలి. ఓవెన్ దీనికోసమే కొన్న పాతది కావాలి, వరండాలోనే ఉండాలి, అందులో ఇక ఎన్నడూ రొట్టె కాల్చకూడదు. చల్లారాక ఒకదాన్ని సుత్తితో చప్పగా కొట్టండి. పూత పెచ్చులూడితే సరిగా కాలలేదు. పూతతో వ్యాసం వెయ్యో వంతు, రెండు వంతులు పెరుగుతుంది కనక సైజు చేయడం పూత తర్వాతే. పూత బుల్లెట్లలో నాకు నచ్చే గుణం, తూటాలు కూర్చేటప్పుడు వేళ్లు నేరుగా సీసాన్ని తాకవు.

సర్దుకోవడం

బల్లని పొడి చీపురుతో ఊడవద్దు. తడి కాగితాలతో తుడిచి సంచిలో మూటకట్టండి. తుడిచే వేళకి కుండ పూర్తిగా చల్లారి మూత పడి ఉండాలి. తెట్టు డబ్బా నిండాక కౌంటీవాళ్లు గృహ ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వాలి. చెత్తబుట్టలోనూ పెరట్లోనూ వేయకూడదు. బట్టలు గ్యారేజీలోనే మార్చి, చేతులు, ముఖం కడిగి, తల స్నానం చేశాకే మా అమ్మాయిని దగ్గరికి తీసుకుంటాను.

మొదటి యాభై తూటాలు కాల్చాక ఇంటికొచ్చి, తుపాకీ ఖాళీ చేసి, గొట్టంలోకి లైటు వేసి చూడండి. సిలిండర్ వైపు మొదట్లోనే సీసం పూసుకుని ఉంటే బుల్లెట్ సన్నం, లేదా సిలిండర్ రంధ్రాలు ఇరుకు. కొస దగ్గర పూసుకుంటే పూత చాలలేదు. మొత్తం గొట్టమంతా పల్చగా ఉంటే వేగం ఎక్కువ, లేదా మిశ్రమం మరీ మెత్తన. అచ్చమైన రాగి పీచుని పాత బ్రష్‌కి చుట్టి పది సార్లు తోస్తే వచ్చేస్తుంది. పీచు కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటే అది ఇనుము మీద రాగి రంగు. కనబడింది ఏదైనా ఆ బుల్లెట్ల డబ్బా మీదే రాసిపెట్టుకోండి: మిశ్రమం, కుండ వేడి, సైజు, పూత, గొట్టంలో ఏం మిగిలిందో.